ముందు గేర్‌బాక్స్ సంగతి తేల్చండి, చిప్ చివర్న చూద్దాం

ప్రశ్న: సార్, నేను అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను. చాలా ఏళ్ల కోరిక తీరి ఈమధ్యే 1988 మోడల్ షెవర్లే కార్వెట్ కొనుక్కున్నాను. ఆటోమేటిక్. లక్ష మైళ్లు దాటి తిరిగిన బండి. బాగానే లాగుతుంది గానీ, స్పోర్ట్స్ కారుకి ఉండాల్సినంత పికప్ లేదనిపిస్తోంది. పర్ఫార్మెన్స్ చిప్, షిఫ్ట్ కిట్, 3,000 ఆర్‌పీఎం స్టాల్ కన్వర్టర్ మూడూ ఒకేసారి వేయించేద్దామనుకుంటున్నాను. మా బావమరిది "ముందు చిప్ వేయించు బావా, గేర్లు కూడా చకచకా పడతాయి" అంటున్నాడు. అమ్మినాయన మాత్రం ఇందులో ఇప్పటికే రేస్ చిప్ ఉందన్నాడు. చిన్న సమస్యలు రెండున్నాయి. రెండో గేరు నుంచి మూడుకి మారేటప్పుడు ఇంజిన్ ఒక్క క్షణం ఊరికే పైకి లేచి, తర్వాత గేరు పట్టుకుంటుంది. 45 మైళ్ల స్పీడు దగ్గర ఆర్‌పీఎం ముల్లు పైకీ కిందికీ ఊగుతుంది. గేర్ ఆయిల్ కొంచెం గోధుమ రంగుకి తిరిగింది. ఇవి చిప్‌తో పోతాయా? వచ్చే సీజన్‌లో డ్రాగ్ స్ట్రిప్‌కి తీసుకెళ్లాలని ఉంది. ఏది ముందు చేయించమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో మీరు చివర్లో, చిన్న సమస్యలని రాసినవే నన్ను ఎక్కువ ఆపాయి. చిప్ (ఇంజిన్ కంప్యూటర్ వాడే లెక్కలు ఉండేది) గురించి, కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది) గురించి తర్వాత మాట్లాడుకుందాం. రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఇంజిన్ ఊరికే లేస్తోందంటే, ఆయిల్ రంగు కూడా మారిందంటే, ఆ గేర్‌బాక్స్ లోపల మూడో గేరు క్లచ్ ప్లేట్లు జారుతున్నాయని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఈ స్థితిలో ఇంజిన్‌కి బలం పెంచే ఏ పనీ చేయకండి. డ్రాగ్ స్ట్రిప్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. రోజువారీ తిరుగుడులో కూడా యాక్సిలరేటర్‌ని గట్టిగా తొక్కకండి.

ఎందుకింత కచ్చితంగా చెబుతున్నానో వివరిస్తాను. మీ కారులో ఉన్నది 700ఆర్4 అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్. 1990 నుంచి కంపెనీ దీన్నే 4ఎల్60 అని పిలిచింది. దీంట్లో మూడో గేరుకీ నాలుగో గేరుకీ కలిపి ఒకే క్లచ్ సెట్టు పనిచేస్తుంది. త్రీ-ఫోర్ క్లచ్ అంటారు. రెండో గేరుకీ నాలుగో గేరుకీ కలిపి, చుట్టూ బిగిసి పట్టుకునే పట్టీ లాంటి ఒక బ్యాండ్ ఉంటుంది. రెండు నుంచి మూడుకి వెళ్లేటప్పుడు ఆ బ్యాండ్ వదలాలి, త్రీ-ఫోర్ క్లచ్ పట్టుకోవాలి. బ్యాండ్ వదిలేశాక క్లచ్ వెంటనే బిగుసుకోకపోతే ఆ మధ్యలో ఇంజిన్‌ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు. మీకు వినిపిస్తున్న ఆ క్షణం అరుపు అదే. అరిచిన ప్రతిసారీ ప్లేట్ల మీది రాపిడి పొర కొంచెం కాలి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ గోధుమ రంగుకి తిరగడం అందుకే. ఈ గేర్‌బాక్స్‌లో అన్నిటికంటే ముందు పోయేది ఈ క్లచ్చేనని దీన్ని విప్పి బిగించిన ఏ మెకానిక్‌ని అడిగినా చెబుతాడు. ఇలాగే వదిలేస్తే ఒకరోజు రెండో గేరు దాకా వెళ్లి, తర్వాత ఎంత తొక్కినా ఇంజిన్ అరవడమే తప్ప బండి ముందుకు కదలదు.

ఇప్పుడు బావమరిది గారి మాట. చిప్ మారిస్తే గేర్లు చకచకా పడతాయన్నది 1994 నుంచి వచ్చిన కార్వెట్ల విషయంలో నిజమే. ఆ ఏడాది నుంచి వాటికి 4ఎల్60ఇ వచ్చింది. అందులో గేరు ఎప్పుడు మారాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది కాబట్టి ప్రోగ్రామ్ మారిస్తే గేర్ల పద్ధతి కూడా మారుతుంది. మీ 1988 బండిలో అలా కాదు. గేర్లు మార్చేది పూర్తిగా ఆయిల్ ఒత్తిడే. బండి స్పీడుని బట్టి గవర్నర్ అనే చిన్న బరువుల, స్ప్రింగుల పరికరం ఒకవైపు నుంచి ఒత్తిడి ఇస్తుంది. మీరు యాక్సిలరేటర్ ఎంత తొక్కారన్నది, ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే ఒక కేబుల్ ద్వారా రెండోవైపు నుంచి చేరుతుంది. ఈ రెండిటి మధ్య పోటీలో ఎవరిది పైచేయి అయితే దాన్ని బట్టి గేరు మారుతుంది. కంప్యూటర్‌కి ఈ గేర్‌బాక్స్‌లో ఉన్న పని ఒక్కటే, టార్క్ కన్వర్టర్ లాకప్ (కన్వర్టర్ జారకుండా ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ నేరుగా కలిపే బిగింపు) ఎప్పుడు పడాలో, ఎప్పుడు విడవాలో చెప్పడం. కాబట్టి ఎంత గొప్ప చిప్ వేసినా మీ మూడో గేరు జారడం ఆగదు. పైగా ఇంజిన్ బలం కొంచెం పెరిగినా ఆ ప్లేట్లు ఇంకా తొందరగా కాలిపోతాయి.

ఆ కేబుల్ గురించి కాస్త ఆగి చెప్పాలి. దాన్ని టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ అంటారు. 700ఆర్4 ఆయుష్షు సగం దీని చేతిలోనే ఉంది. చూడ్డానికి క్రూయిజ్ కంట్రోల్ కేబుల్ లాగే ఉండటంతో చాలామంది దీన్ని పట్టించుకోరు. గేరు ఎప్పుడు మారాలన్నది మాత్రమే దీని పని అనుకుంటారు. అసలు సంగతి ఏమిటంటే, లోపల క్లచ్‌లని బిగించే ఆయిల్ ఒత్తిడి ఎంత ఉండాలో కూడా ఈ కేబులే చెబుతుంది. అది వదులుగా ఉంటే మీరు గట్టిగా తొక్కినా గేర్‌బాక్స్ మాత్రం మీరు మెల్లగా పోతున్నారనే అనుకుంటుంది. ఒత్తిడి తక్కువగా ఇస్తుంది. గేర్లు తొందరగా, మెత్తగా పడతాయి, నడిపేవాడికి అది హాయిగానే అనిపిస్తుంది. లోపల మాత్రం ప్లేట్లు జారి కాలుతుంటాయి. కేబుల్ ఊడిపోయిన బండిని కొద్ది దూరం నడిపినా గేర్‌బాక్స్ పాడైపోవచ్చు. అందుకని ఈ వారాంతం మీరు చేయాల్సిన మొదటి పని దీన్ని సరిచూడటం. దీనికి ఖర్చేమీ లేదు.

ఇంజిన్ ఆపేయండి. థ్రాటిల్ బాడీ దగ్గర ఆ కేబుల్ వచ్చి చేరేచోట ఒక చిన్న నొక్కుడు మీట ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుని, కేబుల్ మీద జరిగే గొట్టం లాంటి ముక్కని థ్రాటిల్ నుంచి దూరంగా, ఇక పోనంత వరకూ వెనక్కి తోయండి. మీటని వదిలేయండి. ఇప్పుడు థ్రాటిల్ మీటని చేత్తో పట్టుకుని చివరిదాకా తెరవండి. ఆ ముక్క టకటకమని పళ్లు దాటుకుంటూ ముందుకొచ్చి తన చోట తానే ఆగుతుంది. అంతే సర్దుబాటు. ఈ పని కారులో కూర్చుని పెడల్ తొక్కి చేయకూడదు, థ్రాటిల్ దగ్గర చేత్తోనే చేయాలి. ఆ తర్వాత ఎవరినైనా పెడల్ పూర్తిగా తొక్కమని చెప్పి థ్రాటిల్ నిజంగా చివరిదాకా తెరుచుకుంటోందా అని చూడండి. కాళ్ల కింది మ్యాట్ అడ్డం పడి పెడల్ పూర్తిగా దిగని బండ్లు ఎన్నో ఉన్నాయి. అలాంటప్పుడు పికప్ లేదనిపించడంలో వింతేముంది?

కేబుల్ వదులుగా ఉండి, సరిచేశాక ఆ అరుపు పూర్తిగా పోయిందనుకోండి. అదృష్టమే. అయినా ఆయిల్ పాన్ దించి చూడండి. అడుగున ఉండే అయస్కాంతానికి సన్నటి బూడిదరంగు పొడి పట్టి ఉంటే భయం లేదు, ఇన్ని మైళ్లు తిరిగిన బండికి అది మామూలే. నల్లటి బురద, ప్లేట్ల నుంచి ఊడిన పెచ్చులు, చేతికి తగిలే ఇనప రజను కనిపిస్తే మాత్రం ఇక ఆలోచించే పని లేదు. ఆయిల్‌ని ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు కాలిన వాసన కొట్టినా అంతే. ఆయిల్ మట్టం చూసేటప్పుడు బండి చదునైన చోట, ఇంజిన్ వేడెక్కి నడుస్తూ, లీవర్ పార్క్‌లో ఉండాలి. చల్లటి ఇంజిన్ మీద, ఆపేసిన బండిలో చూసిన లెక్క తప్పుతుంది. దీనితో పాటు ఆయిల్ ఒత్తిడికి గేజీ పెట్టించి, వచ్చిన అంకెల్ని ఆ ఏడాది సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నవాటితో పోల్చమనండి. ఈ పరీక్ష చేయకుండా "షిఫ్ట్ కిట్ వేసేద్దాం" అనే షెడ్డుకి మీ బండి ఇవ్వొద్దు.

రెండో సమస్య, 45 మైళ్ల దగ్గర ముల్లు ఊగడం. దీన్ని చూసి మీరు కంగారుపడాల్సిన పని లేదనే అనుకుంటున్నాను. మీ కారులో వెనక యాక్సిల్ నిష్పత్తి, అంటే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో, మీరు రాయలేదు. ఆ ఏడాది ఆటోమేటిక్ కార్లకి మామూలుగా వచ్చింది 2.59. ఆప్షన్ కోడ్‌ల స్టికర్ మీద జీ92 అని ఉంటే 3.07. మీది 2.59 అయితే, నాలుగో గేరు నిష్పత్తి 0.70 కాబట్టి, 45 మైళ్ల స్పీడులో లాకప్ పడ్డాక ఇంజిన్ తిరిగేది దాదాపు 1,070 ఆర్‌పీఎం మాత్రమే. అంత పెద్ద వీ8 ఇంజిన్‌కి కూడా అది మరీ తక్కువ. చిన్న ఎత్తు వచ్చినా మీరు కాస్త తొక్కుతారు, లాకప్ విడిపోతుంది, ముల్లు లేస్తుంది. కాలు వదలగానే మళ్లీ లాకప్ పడుతుంది, ముల్లు దిగుతుంది.

అది గేరు మారడమా, లాకప్ పడటమా అన్నది మీరే తేల్చుకోవచ్చు. ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటర్‌ని ఒకేచోట పట్టి ఉంచి, బ్రేక్ లైటు వెలిగేంత వరకే బ్రేకు పెడల్‌ని మెల్లగా తాకండి. ముల్లు ఒక్క రెండు మూడు వందలు లేచి, కాలు తీశాక మళ్లీ దిగితే అది లాకప్పే. బ్రేకు స్విచ్ దానికి కరెంటు ఆపేస్తుంది. ఊళ్లో తిరిగేటప్పుడు లీవర్‌ని ఓవర్‌డ్రైవ్‌లో కాకుండా మూడో గేరు దగ్గర ఉంచండి. ఊగడం చాలావరకు పోతుంది. అప్పటికీ పోకపోతే థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ ఓల్టేజీ చూడమనండి. కాలు తీసి ఉన్నప్పుడు 0.54 ఓల్టుల దగ్గర ఉండాలి. అది తప్పితే కంప్యూటర్ మీ కాలిని తప్పుగా చదువుతుంది, లాకప్‌ని కూడా అలాగే ఆడిస్తుంది. ఇక మిగిలిన అనుమానం ఆ "రేస్ చిప్" మీద. లాకప్ ఏ స్పీడులో పడాలో చిప్‌లోనే రాసి ఉంటుంది గనక, ఎవరో దాన్ని మార్చి ఉండొచ్చు.

ఇక గేర్‌బాక్స్ విప్పాల్సిందేనని తేలిందనుకుందాం, నాకైతే అదే తేలుతుందనిపిస్తోంది. షిఫ్ట్ కిట్ అరిగిపోయిన ప్లేట్లకి మందు కాదు. అది ఆయిల్ దారుల్నీ స్ప్రింగుల్నీ మార్చి, ఒక గేరు వదిలి ఇంకోటి పట్టుకునే సమయాన్ని తగ్గిస్తుంది. బాగున్న ప్లేట్ల మీద ఇది నిజంగా మేలే, జారే సమయం తగ్గితే పుట్టే వేడీ తగ్గుతుంది. కాలిన ప్లేట్లకి వేస్తే మహా అయితే కొద్ది నెలలు నెట్టుకొస్తారు. అదే డబ్బు మళ్లీ పెట్టాలి. కాబట్టి విప్పినప్పుడే అన్నీ చేయించండి. త్రీ-ఫోర్ క్లచ్‌కి ఎక్కువ ప్లేట్లు, మంచి రాపిడి పదార్థం ఉన్న సెట్టు వేయమని చెప్పండి. సన్ షెల్ అనే రేకు డబ్బా లాంటి భాగాన్ని గట్టిపరిచినదానితో మార్చమనండి. పాత రకం సన్ షెల్ విరిగితే రెండో గేరు, నాలుగో గేరు, రివర్స్ మూడూ ఒకేసారి పోతాయి. గేర్లు గట్టిగా పడేలా చేసి పాత సన్ షెల్‌నే ఉంచడం అంటే ఆ రోజుని మీరే దగ్గరకి తెచ్చుకోవడం. రెండో గేరుకి పెద్ద సర్వో (బ్యాండ్‌ని బిగించే పిస్టన్) వేస్తామని, దానికి "కార్వెట్ సర్వో" అని పేరు చెప్పి డబ్బు అడిగితే ఒకసారి ఆగండి. ఆ పేరు వచ్చింది మీ కారు నుంచే. ఎవరూ మార్చకపోయి ఉంటే అది మీ గేర్‌బాక్స్‌లో ఇప్పటికే ఉండాలి.

షిఫ్ట్ కిట్‌లలో చాలావాటికి రెండు మూడు రకాల బిగింపు ఉంటుంది. రోడ్డు మీద తిరిగే కారుకి మధ్య రకమో, దానికి ఒక మెట్టు తక్కువో తీసుకోండి. ప్రతి గేరుకీ నడుము మీద తన్నినట్టు పడాలని కోరుకోవద్దు. ఆ దెబ్బంతా చివరికి వెనక యాక్సిల్ మీద పడుతుంది. ఆ తరం కార్వెట్లలో మాన్యువల్ కార్లకి బలమైన డానా 44 ఇచ్చి, ఆటోమేటిక్‌కి చిన్నదైన డానా 36 ఇచ్చారు. మీది చిన్నది. ఈ విషయం షెడ్డువాళ్లు గుర్తు చేయకపోతే మీరు గుర్తు చేయండి.

రెండు విషయాల్లో మాత్రం పిసినారితనం వద్దు. ఒకటి, పాత గేర్‌బాక్స్ నుంచి ఊడిన చెత్త ఆయిల్ కూలర్‌లో, దాని పైపుల్లో మిగిలి ఉంటుంది. దాన్ని శుభ్రంగా కడిగించకుండా కొత్త ప్లేట్లు వేసిన గేర్‌బాక్స్‌ని బిగిస్తే ఆ చెత్తంతా తిరిగి లోపలికే వస్తుంది. పాత కన్వర్టర్‌ని కూడా మళ్లీ వాడొద్దు, దాని లోపల మిగిలింది పూర్తిగా బయటికి రాదు. రెండోది, రేడియేటర్‌లో ఉన్న కూలర్‌కి తోడు బయట మరో కూలర్ పెట్టించండి. ఆటోమేటిక్ ఆయిల్ 175 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటే చాలాకాలం మన్నుతుంది. ఆ పైన పెరిగే ప్రతి 20 డిగ్రీలకీ దాని ఆయుష్షు సగమవుతుందని ఈ పనిలో ఉన్నవాళ్లు లెక్క వేస్తారు. స్టాల్ పెంచిన, అంటే ఇంకా ఎక్కువ ఆర్‌పీఎం దాకా జారే, కన్వర్టర్ వేస్తే వేడి ఇంకా పెరుగుతుంది. పాన్‌కి ఒక టెంపరేచర్ గేజీ పెట్టించుకుంటే మీకు టెన్షన్ ఉండదు, ముల్లు చూసి నడుపుకోవచ్చు.

కన్వర్టర్ దగ్గర మీరు అనుకున్న 3,000 స్టాల్‌ని నేను ఒప్పుకోను. మీ ఇంజిన్ పేరు ఎల్98. 5.7 లీటర్లు, సుమారు 240 హార్స్‌పవర్. దాని ఇన్‌టేక్ గొట్టాలు పొడవుగా ఉంటాయి. కింది ఆర్‌పీఎంలో గట్టిగా లాగడానికే దాన్ని అలా చేశారు. లాగుడు బలం 3,200 దగ్గర గరిష్ఠానికి చేరుతుంది, హార్స్‌పవర్ 4,000 నుంచి 4,300 మధ్యలోనే చివరికి వచ్చేస్తుంది. 4,500 దాటాక ఊపిరాడదు. అలాంటి ఇంజిన్‌కి 3,000 దాకా జారే కన్వర్టర్ వేస్తే, దానికి ఉన్న మంచి గుణాన్నే వేడిగా మార్చి పారబోసినట్టవుతుంది.

అలాగని స్టాల్ అసలు పెంచొద్దని కాదు. ఒక చిన్న లెక్క చూడండి. ఈ గేర్‌బాక్స్‌లో మొదటి గేరు 3.06, రెండోది 1.63. మధ్యలో పెద్ద దూరం. మొదటి గేరులో 4,500 దాకా లాగి రెండులో పడితే, కన్వర్టర్ జారుడు లేదనుకుంటే, ఇంజిన్ 2,400కి పడిపోతుంది. అక్కడి నుంచి మళ్లీ 3,200కి ఎక్కాలి. గేరు మారగానే బండి చప్పబడినట్టు మీకు అనిపిస్తుంటే కారణం ఇదే. 2,200 నుంచి 2,400 మధ్య స్టాల్ ఉన్న కన్వర్టర్ ఇంజిన్‌ని ఆ గుంటలోకి మరీ దిగనివ్వదు, లైట్ పడిన దగ్గర నుంచి కదిలే వేగం కూడా బాగుంటుంది. ఇంతకు మించి వద్దు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు అది లాకప్ ఉన్నదీ, 30 పళ్ల షాఫ్టుకి సరిపోయేదీ అయి ఉండాలి. 1984 వరకూ వచ్చిన గేర్‌బాక్స్‌లకి 27 పళ్ల షాఫ్టు ఉండేది, రెండూ ఒకదానికొకటి సరిపోవు.

పికప్ కావాలన్న మీ అసలు కోరికకి నేనిచ్చే జవాబు ఈ మూడిటిలో లేదు. మీ యాక్సిల్ 2.59 అయితే దాన్ని 3.07కి మార్చండి. ప్రతి గేరులో చక్రానికి చేరే బలం 18 శాతం పైగా పెరుగుతుంది. ఇంజిన్‌ని ముట్టుకోకుండా ఏ చిప్పూ మీకు ఇంత ఇవ్వలేదు. ఇంజిన్ మీద అదనపు భారం పడదు, గేర్‌బాక్స్‌కి ఇంకా సులువవుతుంది. 45 మైళ్ల దగ్గర ఊగడం కూడా తగ్గుతుంది, ఎందుకంటే అదే స్పీడులో ఇంజిన్ 1,265 దగ్గర తిరుగుతుంది. దీనితో పాటు గేర్‌బాక్స్ తోకలో ఉండే స్పీడోమీటర్ గేరు కూడా మార్చాలి. లేకపోతే మీటరే కాదు, కంప్యూటర్ కూడా స్పీడుని తప్పుగా చదివి లాకప్‌ని తప్పు సమయంలో వేస్తుంది.

ఇప్పుడు చిప్. నేను చిప్‌కి వ్యతిరేకిని కాను. దాన్ని చివర్న పెట్టమంటున్నాను, అంతే. మీ కారు చిప్‌లో ఉండేవి అంకెల పట్టికలు. ఏ ఆర్‌పీఎంలో, ఎంత లోడ్ మీద స్పార్క్ ఎన్ని డిగ్రీల ముందు పడాలి, పూర్తిగా తొక్కినప్పుడు ఎంత పెట్రోలు పోయాలి, ఫ్యాన్ ఎప్పుడు తిరగాలి, ఐడిల్ ఎంత ఉండాలి, లాకప్ ఎప్పుడు పడాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. ఈ అంకెలు ఇంజిన్‌లో ఉన్న భాగాలకి సరిపోయేలా రాయాలి. కన్వర్టర్, యాక్సిల్, ఎగ్జాస్ట్ మారాక రాసిన చిప్ పనికొస్తుంది. ముందే కొని తర్వాత అవన్నీ మారిస్తే మళ్లీ రాయించాల్సిందే.

ఏడాది తేడా కూడా లెక్కలోకి వస్తుంది. మీ 1988 ఇంజిన్‌లో చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవడానికి విడిగా తొమ్మిదో ఇంజెక్టర్ ఒకటుంటుంది. 1989లో దాన్ని తీసేసి ఆ పని చిప్‌లోని లెక్కకే అప్పజెప్పారు. 1990లో గాలి కొలిచే సెన్సార్‌నే తీసేసి వేరే పద్ధతికి మారారు, కంప్యూటరే మారిపోయింది. "అన్ని ఎల్98లకీ పనిచేస్తుంది" అని అమ్మే చిప్‌ని అందుకే నమ్మొద్దు.

మార్పులేమీ లేని ఇంజిన్‌కి రెడీమేడ్ చిప్ ఇచ్చే లాభం కొద్దిపాటిదే. స్పార్క్‌ని ఇంకాస్త ముందుకు జరుపుతారు, పూర్తి థ్రాటిల్‌లో పెట్రోలు కొంచెం సర్దుతారు, ఫ్యాన్‌ని ముందే తిప్పుతారు. కంపెనీ లెక్క ప్రకారం ఫ్యాన్ సుమారు 225 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక గానీ తిరగదు కాబట్టి ఆ చివరి మార్పు మాత్రం నాకు నచ్చుతుంది. దానికి తోడు 180 డిగ్రీల థర్మోస్టాట్ చాలు, 160 వద్దు. అంత చల్లగా నడిచే ఇంజిన్‌లో ఆయిల్ సరిగ్గా వేడెక్కదు, అరుగుదల పెరుగుతుంది. స్పార్క్ ముందుకు జరిపిన చిప్ వేస్తే మంచి ఆక్టేన్ పెట్రోలు తప్పనిసరి. తక్కువ రకం పోస్తే ఇంజిన్ కొట్టుకుంటుంది, నాక్ సెన్సార్ అది విని స్పార్క్‌ని వెనక్కి లాగేస్తుంది. అప్పుడు మీరు డబ్బిచ్చి కొన్న చిప్‌తో పాత బండి కంటే నెమ్మదిగా పోతారు.

ఇప్పుడున్న "రేస్ చిప్" సంగతి ముందు తేల్చాలి. కంప్యూటర్ ప్యాసింజర్ వైపు డాష్ వెనక ఉంటుంది. బ్యాటరీ తీగ విప్పి, ఒంట్లోని స్టాటిక్ పోయేలా ముందు ఏదైనా ఇనప భాగాన్ని తాకి, దాని మూత తీసి చూడండి. చిప్ మీద నాలుగు అక్షరాల కంపెనీ కోడ్ ఉన్న స్టికర్ కనిపిస్తే అది అసలుదే కావచ్చు, అమ్మినాయన మాట గాలి మాటే అయ్యుండొచ్చు. వేరే స్టికర్ ఉన్నా, ఏమీ లేకపోయినా దాన్ని చదివించి అసలు ప్రోగ్రామ్‌తో పోల్చించండి. చిప్ చదివే పరికరం ఉన్న ట్యూనర్‌కి అది చిన్న పని. ఏం రాసి ఉందో తెలియని చిప్‌తో ఉన్న ఇంజిన్ మీద ఏ పరీక్ష చేసినా ఫలితం నమ్మలేం. అసలు చిప్ దొరికితే దాన్ని ముందు వేసేసి బండి ఎలా ఉందో చూడండి.

కొత్త చిప్ రాయించే ముందు ఇంజిన్ ఆరోగ్యం కూడా చూసుకోవాలి. డాష్ కింద ఉన్న కనెక్టర్‌లో ఏ, బీ పిన్నులు కలిపి కీ ఆన్ చేస్తే చెక్ ఇంజిన్ లైటు కోడ్‌లు చెబుతుంది. ముందు 12 మూడుసార్లు వస్తుంది, అది కోడ్‌లు చెప్పే ఏర్పాటు పనిచేస్తోందనే సూచన. ఆ తర్వాత 33, 34, 36 లాంటివి వస్తే గాలి కొలిచే సెన్సార్ దగ్గరో, దాని రిలేల దగ్గరో తేడా ఉన్నట్టు. 43 వస్తే నాక్ సెన్సార్ సర్క్యూట్, అది బాగయ్యేదాకా స్పార్క్‌ని ముట్టుకోవద్దు. ఒక్కో ఇంజెక్టర్ కాయిల్‌ని మీటర్‌తో కొలిపించండి, 16 ఓమ్‌ల చుట్టూ ఉండాలి. ఒకటి బాగా తక్కువ చూపిస్తే మీరు అనుకుంటున్న "పికప్ లేకపోవడం" అక్కడే ఉండొచ్చు. బేస్ టైమింగ్, అంటే కంప్యూటర్ తన లెక్క కలపకముందు స్పార్క్ పడే చోటు, 6 డిగ్రీలు. దాన్ని చూసేటప్పుడు టైమింగ్ కనెక్టర్ విప్పి చూడాలి, విప్పకపోతే కంప్యూటర్ తన లెక్క కలిపేసి చూపిస్తుంది.

చిప్‌ని మీ బండి మీదే డైనోలో (బండిని ఒకేచోట నడిపి బలం కొలిచే యంత్రం మీద) రాయించండి. ఎగ్జాస్ట్‌కి వైడ్‌బ్యాండ్ సెన్సార్ పెట్టి, పూర్తి థ్రాటిల్‌లో గాలి-పెట్రోలు నిష్పత్తి 12.5 నుంచి 13 మధ్య ఉండేలా, నాక్ సెన్సార్ ఒక్క డిగ్రీ కూడా వెనక్కి లాగకుండా చూసుకుని ఆపే ట్యూనర్‌ని పట్టుకోండి. "ఇంకో రెండు డిగ్రీలు పెడదాం" అని ఉత్సాహపడేవాడు వద్దు.

ఎమిషన్ చట్టం మాట కూడా మనసులో పెట్టుకోండి. కాలుష్యం తగ్గించే భాగాల్ని పనిచేయకుండా చేయడం అమెరికా ఫెడరల్ క్లీన్ ఎయిర్ చట్టానికి విరుద్ధం. ఈజీఆర్‌ని (కాలిన పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటుని) ఆపేసే చిప్ దాని కిందికే వస్తుంది. మీరు కాలిఫోర్నియాలో ఉంటే 1976 నుంచి వచ్చిన పెట్రోలు కార్లకి స్మాగ్ పరీక్ష ఉంది, చిప్‌కి అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చే ఆర్డర్ నంబర్ ఉండాలి. షిఫ్ట్ కిట్‌కి, క్లచ్ ప్లేట్లకి ఈ గొడవ లేదు. అసలు చిప్‌ని ఎప్పుడూ పారేయకండి, ఒక కవర్‌లో పెట్టి కారు కాగితాలతో ఉంచండి.

డ్రాగ్ స్ట్రిప్ సంగతికొస్తే, గేర్‌బాక్స్ బాగయ్యాక తప్పకుండా వెళ్లండి. కొత్త ప్లేట్లు సర్దుకునేదాకా కొన్ని వందల మైళ్లు నెమ్మదిగా నడిపి, ఆయిల్ మార్చి, టీవీ కేబుల్ ఇంకోసారి చూసుకుని వెళ్లండి. గట్టిగా తొక్కి చూడాలనిపించినప్పుడల్లా ఆ ట్రాక్ మీదే చూడండి, హైవే మీద వద్దు. బావమరిదిని కూడా తీసుకెళ్లండి. ఆయన ఉత్సాహం పనికొస్తుంది, పరుగు పరుగుకీ ఆయిల్ వేడి ఎంత ఉందో రాసిపెట్టే మనిషి కావాలి.

అప్పటిదాకా ఏ భాగమూ ఆర్డర్ పెట్టొద్దు. టీవీ కేబుల్ సరిచేశాక ఆ అరుపు తగ్గిందో లేదో, ఆయిల్ పాన్‌లో ఏం కనిపించిందో, యాక్సిల్ కోడ్ ఏమిటో, చిప్ మీద ఏ అక్షరాలు ఉన్నాయో రాసి పంపండి. పాన్ అడుగున ఉన్న అయస్కాంతాన్ని తుడవకుండా ఫోటో తీయండి. అది చూస్తే గేర్‌బాక్స్ పూర్తిగా విప్పాలా, ఆయిల్, ఫిల్టర్ మార్చి కొన్నాళ్లు చూడొచ్చా అన్నది చెప్పగలను.